గ్రాఫ్ మీద లీనియర్ ప్రోగ్రామింగ్: జవాబు శీర్షం దగ్గరే ఎందుకు దొరుకుతుంది?

కొన్ని నిబంధనలకు లోబడి లాభం లాంటి దాన్ని పెద్దదిగానో, ఖర్చు లాంటి దాన్ని చిన్నదిగానో చేసే లెక్కే లీనియర్ ప్రోగ్రామింగ్. రెండు చరరాశులున్న అలాంటి లెక్కను చాలామంది ఒక వరస ప్రకారం చేసేస్తారు. నిబంధనలకు గీతలు గీస్తారు, ఉమ్మడి ప్రాంతానికి షేడింగ్ వేస్తారు, శీర్షాలు, అంటే ఆ ప్రాంతం మూలలు, రాసుకుంటారు, ఒక్కో శీర్షం దగ్గర లక్ష్య ప్రమేయం (పెంచాల్సిన లేదా తగ్గించాల్సిన రాశి) విలువ ఎంతో పట్టికలో వేస్తారు. అందులో పెద్దదో చిన్నదో చూసి గుండ్రం చుడతారు. మార్కులు వచ్చేస్తాయి. అయితే ఆ ప్రాంతంలో లెక్కలేనన్ని బిందువులు ఉన్నాయి కదా, నాలుగైదు శీర్షాలను మాత్రమే చూసి "వీటికి మించింది లేదు" అని ఎలా చెప్పగలిగాం? ఈ ప్రశ్నకు జవాబు పట్టికలో దొరకదు, గ్రాఫ్‌లో దొరుకుతుంది. నా ఉద్దేశంలో ఆ పట్టికే కొంత చేటు చేస్తోంది. జవాబు తొందరగా చేతికి వచ్చేయడంతో, గీసిన గ్రాఫ్‌ను మళ్లీ ఎవరూ చూడరు. చూస్తే మాత్రం ఈ శాస్త్రంలోని పెద్ద విషయాలన్నీ ఆ చిన్న బొమ్మలోనే కనిపిస్తాయి.

ఒకే లెక్కను చివరిదాకా పట్టుకుని చూద్దాం.

మాటల నుంచి అసమీకరణాలకు

ఒక ప్రెస్సులో నోటు పుస్తకాలు, డైరీలు లాట్ల లెక్కన తయారవుతాయి. ఒక లాట్ నోటు పుస్తకాలకు ప్రింటింగ్ మెషిన్ మీద 1 గంట, బైండింగ్‌లో 3 గంటలు పడుతుంది. ఒక లాట్ డైరీలకు ప్రింటింగ్ 2 గంటలు, బైండింగ్ కూడా 2 గంటలు. వారానికి ప్రింటింగ్ మెషిన్ 40 గంటలు, బైండింగ్ 60 గంటలు దొరుకుతాయి. డైరీలకు కావలసిన గట్టి అట్టలు 18 లాట్లకే సరిపోతాయి. లాభం నోటు పుస్తకాల లాట్‌కు 4, డైరీల లాట్‌కు 5. ఎక్కువ లాభం రావాలంటే వేటిని ఎన్ని లాట్లు చేయాలి?

స్కూలు పుస్తకాలు ఎక్స్, వై అంటాయి. ఏది దేనికి గుర్తో మరిచిపోకుండా ఇక్కడ నోటు పుస్తకాల లాట్లను న అని, డైరీల లాట్లను డ అని, లాభాన్ని ల అని రాద్దాం.

ప్రింటింగ్: న + 2డ ≤ 40
బైండింగ్: 3న + 2డ ≤ 60
అట్టలు: డ ≤ 18
న ≥ 0, డ ≥ 0
గరిష్ఠం చేయాల్సింది: ల = 4న + 5డ

చివరి రెండు నిబంధనలు, అంటే రుణ సంఖ్యలు కుదరవన్నవి, ప్రశ్నలో ఎక్కడా రాసి ఉండవు. మనమే చేర్చాలి. వాటి వల్లే గ్రాఫ్ అంతా మొదటి పాదంలోనే ఉంటుంది.

ఈ దశలో తప్పులు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతాయి. ఒకటి, "కనీసం" అన్న చోట ≤ రాయడం, "మించకూడదు" అన్న చోట ≥ రాయడం. చదువుతుంటే చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, టెన్షన్‌లో రాసేటప్పుడు గుర్తు తారుమారు అవుతుంది. రెండోది నిష్పత్తులు. "డైరీల లాట్లు నోటు పుస్తకాల లాట్లకు రెట్టింపు కన్నా ఎక్కువ ఉండకూడదు" అంటే డ ≤ 2న. చాలామంది "రెట్టింపు" అన్న మాట డైరీల పక్కన కనబడగానే 2డ ≤ న అని రాసేస్తారు. దీనికి ఒక్కటే మందు: అంకెలు వేసి చూడటం. నోటు పుస్తకాలు 5 లాట్లు అయితే డైరీలు 10 వరకు ఉండొచ్చు. (5, 10) అన్న బిందువు మీరు రాసిన అసమీకరణంలో నిలుస్తుందా? 2డ ≤ న లో 20 ≤ 5 అని వస్తుంది, కాబట్టి తప్పు. డ ≤ 2న లో 10 ≤ 10, సరిపోయింది.

గీత ఏ పక్క మనది?

అడ్డం అక్షం మీద న, నిలువు అక్షం మీద డ తీసుకుందాం. న + 2డ = 40 అన్న గీత (40, 0), (0, 20) గుండా పోతుంది. 3న + 2డ = 60 గీత (20, 0), (0, 30) గుండా. డ = 18 అడ్డంగా పోయే గీత. ప్రతి గీతా తలాన్ని రెండు అర్ధతలాలుగా కోస్తుంది. అందులో ఏది మనదో తేల్చడానికి మూలబిందువు (0, 0) వేసి చూస్తాం: 0 ≤ 40 నిజం, కాబట్టి మూలబిందువు ఉన్న పక్కే మనది. గీతే మూలబిందువు గుండా పోతే, పైన చూసిన డ ≤ 2న లాగా, ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు గీత మీద లేని ఇంకో బిందువు, ఉదాహరణకు (1, 0), తీసుకోవాలి.

షేడింగ్ గురించి ఒక మాట. నిబంధన తీరే వైపు షేడింగ్ వేయమని ఎక్కువ మంది నేర్పిస్తారు. మూడు నిబంధనలు దాటాక గీతల మీద గీతలు పడి, అన్ని షేడింగులూ కలిసిన చోటు ఏదో కనిపించదు. దానికి బదులు పనికిరాని వైపే గీతలు కొట్టేస్తే, చివర్లో తెల్లగా మిగిలిందే సాధ్య ప్రాంతం. పరీక్షలో ఫలానా పద్ధతిలోనే వేయాలని నియమం ఉంటే అలాగే వేయండి. సొంతంగా చేసుకునేటప్పుడు మాత్రం ఈ తెల్ల ప్రాంతం పద్ధతే మేలు.

ఇలా చేస్తే మన లెక్కలో ఐదు శీర్షాల బహుభుజి మిగులుతుంది: (0, 0), (20, 0), (10, 15), (4, 18), (0, 18). వీటిలో (10, 15) ను గ్రాఫ్ మీద కంటితో చూసి రాయకూడదు. పెన్సిల్ మందం వల్ల 10.2 అనో 14.8 అనో కనిపించొచ్చు. ఏ రెండు గీతలు కలుస్తున్నాయో గ్రాఫ్ చెబుతుంది. ఎక్కడ కలుస్తున్నాయో ఆ రెండు సమీకరణాలను సాధిస్తే తెలుస్తుంది. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే 2న = 20, అంటే న = 10. అప్పుడు డ = 15.

మన ఐదు గీతలు (రెండు అక్షాలతో కలిపి) ఒకదాన్నొకటి ఖండించుకునే బిందువులు మొత్తం తొమ్మిది. అందులో ఐదే శీర్షాలు. మిగిలిన నాలుగు, అంటే (40, 0), (0, 20), (0, 30), (8, 18), గీతలు కలిసిన చోట్లే అయినా సాధ్య ప్రాంతం బయట ఉన్నాయి. గ్రాఫ్ గీయకుండా సమీకరణాలను జతలుగా సాధించుకుంటూ పోయేవాళ్లు పడిపోయేది ఇక్కడే. (8, 18) దగ్గర లాభం 32 + 90 = 122. చూడటానికి బాగానే ఉంది. కానీ దానికి ప్రింటింగ్ 8 + 36 = 44 గంటలు కావాలి, ఉన్నది 40. ఈ 122 ను గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

స్కేలు జరిపి చూడండి

ఇప్పుడు పట్టిక జోలికి పోకుండా లక్ష్య ప్రమేయాన్ని కూడా గీతగా గీద్దాం. లాభం 20 కావాలంటే 4న + 5డ = 20. ఇది (5, 0), (0, 4) గుండా పోయే గీత. ఈ గీత మీద ఎక్కడున్నా లాభం అదే 20, అందుకే దీన్ని సమలాభ రేఖ అంటారు. లాభం 60 అయితే (15, 0), (0, 12) గుండా పోతుంది. రెండు గీతలూ సమాంతరం. లాభం ఎంత అనుకున్నా వాలు మారదు, గీత స్థానమే మారుతుంది.

గ్రాఫ్ మీద ఆ వాలులో స్కేలు పెట్టి, సమాంతరంగా పైకీ కుడికీ జరుపుతూ పోండి. జరిపే కొద్దీ లాభం పెరుగుతుంది. స్కేలు అంచు సాధ్య ప్రాంతాన్ని తాకుతున్నంత సేపు ఆ లాభం సాధ్యమే. అంచు ప్రాంతాన్ని పూర్తిగా వదిలేసే ముందు చివరగా తాకిన చోటే గరిష్ఠం. మన బొమ్మలో ఆ చివరి చోటు (10, 15), లాభం 115.

శీర్షమే ఎందుకు అన్నదానికి ఇక్కడే కారణం కనిపిస్తుంది. దాన్ని కొంచెం గట్టిగా కూడా చెప్పవచ్చు. ఒక సరళరేఖ వెంట నడుస్తూ పోతే 4న + 5డ లాంటి ఏకఘాత ప్రమేయం ఒకే రేటున పెరుగుతూ పోతుంది, లేదా ఒకే రేటున తగ్గుతూ పోతుంది, లేదా మారకుండా ఉంటుంది. మధ్యలో పైకి లేచి కిందకు దిగడం దాని స్వభావంలో లేదు. మీరు సాధ్య ప్రాంతం లోపల ఏదో ఒక బిందువు దగ్గర ఉన్నారనుకోండి. అక్కడి నుంచి ఏదో ఒక దిక్కుకు సూటిగా నడిస్తే లాభం తగ్గకుండా అంచు వరకు వెళ్లవచ్చు, ఎందుకంటే ఒక దిక్కున తగ్గితే దాని ఎదురు దిక్కున పెరుగుతుంది. అంచు చేరాక ఆ అంచు వెంట నడవండి. అది కూడా సరళరేఖే, కాబట్టి ఒక వైపు లాభం తగ్గకుండా శీర్షం వరకు పోవచ్చు. అంటే ఏ బిందువు దగ్గర మొదలుపెట్టినా, దానికి తగ్గని లాభం ఇచ్చే శీర్షం ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇక శీర్షాలు మాత్రమే చూస్తే చాలు. గమనించండి, ఈ వాదనలో "అంచు వరకు" అన్న మాట ఉంది. ఆ దిక్కున అంచే లేకపోతే వాదన కూలిపోతుంది. అపరిమిత ప్రాంతాల్లో వచ్చే చిక్కంతా అదే, దాని దగ్గరకు తర్వాత వెళ్దాం.

ఇంకో విషయం. సాధ్య ప్రాంతం ఎప్పుడూ కుంభాకారమే. రెండు ప్రణాళికలు విడివిడిగా సాధ్యమైతే, సగం దీని నుంచి, సగం దాని నుంచి తీసుకుని కలిపిన ప్రణాళిక కూడా సాధ్యమే. బొమ్మలో చెప్పాలంటే ప్రాంతంలోని రెండు బిందువులను కలిపే రేఖాఖండం ప్రాంతం దాటి పోదు. దీనివల్ల వచ్చే లాభం పెద్దది: ఒక శీర్షం తన రెండు పక్కల శీర్షాల కన్నా మెరుగ్గా ఉంటే, అది అన్నిటికన్నా మెరుగైనదే. మిగతావి చూడనక్కర లేదు. (10, 15) దగ్గర 115. ఒక పక్క (4, 18) దగ్గర 106, ఇంకో పక్క (20, 0) దగ్గర 80. అక్కడితో వెతుకులాట ఆగిపోవచ్చు.

సమలాభ రేఖ వాలు మారితే ఏమవుతుందో కూడా స్కేలే చెబుతుంది. నోటు పుస్తకాల లాట్ మీద లాభం 4 నుంచి పెరిగితే గీత నిటారుగా అవుతుంది, తగ్గితే వాలిపోతుంది. అయినా గీత ప్రింటింగ్ గీతకూ బైండింగ్ గీతకూ మధ్య వాలులో ఉన్నంత కాలం చివరిగా తాకేది (10, 15) నే. లెక్క వేస్తే, డైరీ లాభం 5 దగ్గరే ఉంటే నోటు పుస్తకాల లాభం 2.5 నుంచి 7.5 వరకు ఎక్కడున్నా ప్రణాళిక మారదు. సరిగ్గా 7.5 అయితే సమలాభ రేఖ బైండింగ్ గీతకు సమాంతరం అవుతుంది. అప్పుడు (10, 15) దగ్గరా 150, (20, 0) దగ్గరా 150, వాటి మధ్య అంచు మీద ప్రతి బిందువు దగ్గరా 150. పట్టికలో రెండు సమాన విలువలు వస్తే ఎక్కడో తప్పు చేశామని కంగారు పడేవాళ్లున్నారు. తప్పేమీ లేదు, జవాబు ఒక రేఖాఖండం అంతే. నిజ జీవితంలో ఇది మంచి వార్త కూడా, ఎందుకంటే లాభం వదులుకోకుండా ఎంచుకునే స్వేచ్ఛ దొరుకుతుంది.

115 కు మించదని రుజువు

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. స్కూలు సిలబస్‌లో సాధారణంగా ఇక్కడి దాకా రారు.

ఎవరో వచ్చి "నీ గ్రాఫ్ నేను నమ్మను, 116 లాభం రాదని నిరూపించు" అన్నారనుకోండి. బొమ్మ అక్కర లేకుండా రెండు వరుసల్లో నిరూపించవచ్చు. ప్రింటింగ్ నిబంధనను 1.75 తో, బైండింగ్ నిబంధనను 0.75 తో గుణించండి:

1.75న + 3.5డ ≤ 70
2.25న + 1.5డ ≤ 45

రెండూ కూడితే 4న + 5డ ≤ 115. ఎడమ పక్క ఉన్నది సరిగ్గా మన లాభమే. కాబట్టి నిబంధనలు పాటించే ఏ ప్రణాళికకైనా లాభం 115 కు మించదు. (10, 15) దగ్గర 115 వస్తోంది. ఇంక వాదన లేదు.

ఆ 1.75, 0.75 ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రింటింగ్ గుణకం ప, బైండింగ్ గుణకం బ అనుకుంటే, కూడినప్పుడు న పక్కన 4, డ పక్కన 5 రావాలి: ప + 3బ = 4, 2ప + 2బ = 5. సాధిస్తే బ = 0.75, ప = 1.75. రెండూ ధనాత్మకంగా రావడమే ఇక్కడ కీలకం. ఇదే పని (4, 18) శీర్షం దగ్గర చేసి చూడండి. అక్కడ కలిసేవి ప్రింటింగ్ గీత, అట్టల గీత. న పక్కన 4 రావాలంటే ప్రింటింగ్ గుణకం 4 కావాలి. అప్పుడు డ పక్కన 8 వస్తుంది, దాన్ని 5 కు దించాలంటే అట్టల గుణకం −3 కావాలి. రుణ సంఖ్యతో గుణిస్తే అసమీకరణం తిరగబడుతుంది, రుజువు నిలవదు. ఆ శీర్షం గరిష్ఠం కాదు అన్నదానికి అదే గుర్తు.

ఈ గుణకాలకు ఇంకో అర్థం ఉంది. ప్రింటింగ్ మెషిన్ ఒక గంట ఎక్కువ దొరికి 41 గంటలు అయిందనుకోండి. గీత కొద్దిగా బయటికి జరుగుతుంది, శీర్షం (9.5, 15.75) కు జరుగుతుంది, లాభం 38 + 78.75 = 116.75. పెరిగింది సరిగ్గా 1.75. అంటే ఆ గుణకం ప్రింటింగ్ గంట విలువ. అదనపు గంటకు 1.75 కన్నా తక్కువ ఖర్చయితే తీసుకోవచ్చు, ఎక్కువయితే వద్దు. బైండింగ్ గంట విలువ 0.75. మరి అట్టల విలువ? సున్నా. 18 లాట్లకు అట్టలు ఉంటే మనం వాడింది 15 కే. మిగిలిపోతున్న వస్తువును ఇంకా కొన్నా లాభం పెరగదు.

గంటకు 1.75 చొప్పున ఎంతవరకు పెరుగుతుంది? ప్రింటింగ్ గీత బయటికి జరుగుతుంటే శీర్షం బైండింగ్ గీత వెంట పైకి పాకుతుంది. 44 గంటల దగ్గర అది (8, 18) ను చేరుతుంది, లాభం 115 + 4 × 1.75 = 122. ఇందాక పనికిరాదని పక్కన పెట్టిన ఆ బిందువు, ఆ 122, ఇదే. 44 గంటలు ఉంటే అది నిజమైన జవాబు. అక్కడి నుంచి అట్టలు అడ్డుపడతాయి. 45వ గంట ఉచితంగా ఇచ్చినా దాని విలువ సున్నా, ఆ గంటతో చేయగలిగింది లేదు.

సోవియట్ గణిత శాస్త్రవేత్త లియొనిద్ కాంటొరొవిచ్ 1939లో ప్లైవుడ్ ఉత్పత్తి సమస్యను పరిష్కరిస్తూ ఈ రంగానికి పునాది వేసినప్పుడు, ఇలాంటి గుణకాలే ఆయన పద్ధతికి మూలం. ఆ విషయం తెలియకుండానే అమెరికాలో వైమానిక దళం ప్రణాళికల కోసం పనిచేస్తున్న జార్జ్ డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని, అంటే అంచుల వెంట ఒక శీర్షం నుంచి ఇంకో శీర్షానికి నడిచే పద్ధతిని, రూపొందించారు. అదే ఏడాది డాంట్జిగ్ తన సమస్యను గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్‌కు వివరించినప్పుడు, ప్రతి గరిష్ఠ సమస్యకూ జంటగా ఒక కనిష్ఠ సమస్య ఉంటుందన్న ఆలోచనను వాన్ న్యూమన్ బయటపెట్టారు. మనం పైన కనుక్కున్న 1.75, 0.75 ఆ జంట సమస్యకు జవాబులు. వనరులకు ఏ విలువలు కడితే వాటి మొత్తం విలువ అతి తక్కువగా ఉంటూనే ప్రతి లాట్ లాభాన్నీ కవర్ చేస్తుంది అన్నది ఆ సమస్య. 40 × 1.75 + 60 × 0.75 = 115. రెండు వైపుల నుంచీ అదే అంకె. కాంటొరొవిచ్‌కు, అర్థశాస్త్రవేత్త ట్యాలింగ్ కూప్‌మన్స్‌కు కలిపి 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రాంతానికి హద్దు లేనప్పుడు

కనిష్ఠం చేసే లెక్కల్లో సాధ్య ప్రాంతం తరచుగా ఒక వైపు తెరుచుకుని ఉంటుంది. రెండు గనులున్నాయి. మొదటిది క రోజులు, రెండోది గ రోజులు నడపాలి. మేలు రకం ఖనిజం కనీసం 12 టన్నులు కావాలి: 3క + గ ≥ 12. నాసి రకం కనీసం 8 టన్నులు: క + గ ≥ 8. రోజు ఖర్చు మొదటి గనికి 2, రెండోదానికి 1, కాబట్టి 2క + గ కనిష్ఠం కావాలి.

శీర్షాలు (0, 12), (2, 6), (8, 0). ఖర్చులు వరసగా 12, 10, 16. జవాబు 10 అని రాసే ముందు పాఠ్యపుస్తకాలు ఒక అదనపు పరీక్ష చేయమంటాయి: 2క + గ < 10 అన్న అర్ధతలం గీసి, సాధ్య ప్రాంతంతో దానికి ఉమ్మడి బిందువు ఏదీ లేదని చూడాలి. ఉంటే కనిష్ఠం లేనట్టే. చాలామంది దీన్ని ఒక తంతుగా చేస్తారు. నిజానికి ఇది స్కేలు జరపడమే: 10 దగ్గర ఉన్న గీతను తగ్గే వైపు ఇంకాస్త జరిపితే ప్రాంతాన్ని తాకుతుందా లేదా అని చూడటం. ఇక్కడ తాకదు. గుణకాలతో కూడా చెప్పొచ్చు: రెండు నిబంధనల్లోనూ సగం సగం తీసుకుని కూడితే 2క + గ ≥ 10.

అదే ప్రాంతంలో గ − క ను కనిష్ఠం చేయమన్నారనుకోండి. శీర్షాల దగ్గర విలువలు 12, 4, −8. పట్టిక చూసినవారు −8 అని రాస్తారు. కానీ (9, 0) దగ్గర −9, (100, 0) దగ్గర −100. అడుగే లేదు. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం కూడా తొలగించుకోవాలి: ప్రాంతం అపరిమితం అయినంత మాత్రాన జవాబు లేదని కాదు. ప్రాంతం తెరుచుకున్న దిక్కు, స్కేలు జరుగుతున్న దిక్కు ఒకటైతేనే ప్రమాదం. నిజమైన ప్రణాళికల్లో మాత్రం హద్దులేని లాభం కనబడితే ఏదో నిబంధన రాయడం మరిచిపోయారని అర్థం.

సాధ్య ప్రాంతమే లేకపోవడం ఇంకో సందర్భం. మన ప్రెస్సు లెక్కలో నోటు పుస్తకాలు కనీసం 25 లాట్లు చేయాలని చేరిస్తే బైండింగ్ గంటలే 75 కావాలి, ఉన్నవి 60. గీతలన్నీ గీశాక తెల్లటి చోటు ఏదీ మిగలదు. అలాగే మొత్తం లాట్లు 30 మించకూడదని (న + డ ≤ 30) ఎవరైనా చేర్చితే ఆ గీత ప్రాంతాన్ని తాకకుండా దూరంగా పోతుంది, ఎందుకంటే ప్రాంతంలో ఎక్కడా మొత్తం 25 దాటదు. అలాంటి నిబంధన ఉన్నా లేకున్నా ఒకటే.

పూర్ణాంకాలే కావాలంటే

41 గంటల ప్రింటింగ్ ఉన్నప్పుడు జవాబు (9.5, 15.75) అని వచ్చింది. లాట్లు ముక్కలుగా చేయడం కుదరకపోతే? దగ్గరి పూర్ణాంకాలకు సవరిస్తే (10, 16). దానికి ప్రింటింగ్ 42 గంటలు కావాలి, కుదరదు. రెండూ కిందకు సవరిస్తే (9, 15), లాభం 111. ఇది సాధ్యమే గానీ, పాత 40 గంటల ప్రణాళిక (10, 15) కన్నా తక్కువ! అసలు జవాబు (9, 16): ప్రింటింగ్ 41, బైండింగ్ 59, లాభం 116. ఇంతకన్నా మంచిది లేదని కూడా చెప్పొచ్చు. పూర్ణాంక లాట్లకు లాభం కూడా పూర్ణాంకమే, అది 116.75 దాటకూడదు, కాబట్టి 116 తో సరి.

గ్రాఫ్ మీద దీన్ని సాధ్య ప్రాంతంలోని గళ్ల చుక్కల మధ్య వెతకడంగా చూడవచ్చు. చివరగా తాకే చుక్క శీర్షం పక్కనే ఉండాలన్న నియమం లేదు. అంకెలు పెద్దవైతే సవరింపు వల్ల వచ్చే తేడా పట్టించుకోనక్కర లేదు. నాలుగైదు బస్సులో, రెండు మూడు యంత్రాలో అయితే మాత్రం సవరింపును నమ్మకూడదు, ప్రాంతంలోని చుక్కలనే పరీక్షించాలి.

రెండు దాటితే

మూడు చరరాశులు ఉంటే బహుభుజికి బదులు బహుఫలకం వస్తుంది. మూడు దాటితే బొమ్మే ఉండదు. అప్పుడు శీర్షాలన్నీ లెక్కగట్టి పట్టిక వేద్దామా అంటే, 50 చరరాశులు, ఒక్కొక్కటి 0 కు 1 కి మధ్య ఉండాలన్న నిబంధనలు మాత్రమే ఉన్నా శీర్షాలు 2 ను 50 సార్లు గుణించినన్ని, అంటే పదకొండు కోట్ల కోట్లకు పైనే. పట్టిక పద్ధతి రెండు చరరాశుల దగ్గరే ఆగిపోతుంది. ముందుకు సాగేది అంచు వెంట నడిచే పద్ధతి.

సింప్లెక్స్ చేసేది అదే. మన బొమ్మలోనే చూడొచ్చు. (0, 0) దగ్గర మొదలుపెట్టి, లాభం ఎక్కువ కదా అని డైరీల వైపు నడిస్తే (0, 18), తర్వాత (4, 18), తర్వాత (10, 15): లాభం 0, 90, 106, 115. మూడు అడుగులు. అదే నోటు పుస్తకాల వైపు నడిస్తే (20, 0), ఆ వెంటనే (10, 15): 0, 80, 115. రెండే అడుగులు. మొదట ఆకర్షణీయంగా కనిపించిన దారి దగ్గర దారి కానక్కర లేదు. దారి ఎంపిక చెడితే ఎంత దూరం తిప్పగలదో గణిత శాస్త్రవేత్తలు విక్టర్ క్లీ, జార్జ్ మింటీ 1972లో చూపించారు. వంకర చేసిన ఘనంలాంటి ఆకారాన్ని వాళ్లు కట్టారు. దాని మీద డాంట్జిగ్ ఇచ్చిన ఎంపిక నియమంతో నడిస్తే సింప్లెక్స్ ప్రతి శీర్షాన్నీ తాకి గానీ జవాబు చేరదు. వాడుకలో ఎదురయ్యే సమస్యల్లో మాత్రం సింప్లెక్స్ చాలా వేగంగానే ముగుస్తుంది.

1984లో నరేంద్ర కర్మార్కర్ అంచులను వదిలేసి ప్రాంతం లోపలి నుంచి జవాబు వైపు నడిచే పద్ధతిని ప్రచురించారు. చరరాశులు పెరిగే కొద్దీ అడుగుల సంఖ్య అదుపు తప్పదన్న హామీ దానికి ఉంది. నేటి సాఫ్ట్‌వేర్‌లో సింప్లెక్స్, లోపలి నుంచి నడిచే పద్ధతులు రెండూ ఉంటాయి. లక్షల చరరాశుల సమస్యలో జవాబు చేరామని అవి తేల్చుకునేది కూడా 1.75, 0.75 లాంటి గుణకాలతోనే: నిబంధనలను వాటితో గుణించి కూడితే వచ్చే హద్దు, చేతిలో ఉన్న ప్రణాళిక ఇచ్చే విలువ, ఈ రెంటి మధ్య తేడా సున్నాకు చేరితే లెక్క అక్కడ ఆగుతుంది.